జెలటిన్ ఫిల్మ్ ఎంత వేడిలో ఆరితే ఎంత గట్టి? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటిందంటే ప్రాజెక్టుల హడావుడి మొదలు. దాంతోపాటే "మేడం, ఫిల్మ్ డిష్‌లోంచి తీస్తుంటేనే పెంకుల్లా విరిగిపోతోంది" అన్న ఫోన్లూ మొదలు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫార్మసీ, ఫుడ్ టెక్నాలజీ పిల్లలు అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఫిల్మ్ అంటే జెలటిన్ ద్రావణాన్ని డిష్‌లో పల్చగా పోసి ఆరబెడితే వచ్చే పొర. చాలా ప్రశ్నలు చివరికి తేలేది ఒకదాని దగ్గరే: ఫిల్మ్ ముందు గడ్డకట్టి ఆ తర్వాత ఆరిందా, గడ్డకట్టకుండానే ఆరిపోయిందా?

అదే జెలటిన్, అదే గ్లిజరిన్, అవే నీళ్ళు. 20 డిగ్రీల్లో ఆరింది చక్కగా వంగుతోంది, 60లో ఆరింది పుటుక్కున విరుగుతోంది. ఎందుకని?

జెలటిన్ అంటే తోలులో, ఎముకల్లో ఉండే కొలాజెన్‌ని ఆమ్లంతోనో సున్నంతోనో నానబెట్టి, వేడినీళ్ళలో కరిగించి తీసిన ప్రొటీన్. కొలాజెన్‌లో మూడేసి గొలుసులు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. దాన్నే ట్రిపుల్ హెలిక్స్ అంటాం. వేడినీళ్ళలో ఆ మెలిక విడిపోయి, గొలుసులు ఎటు పడితే అటు చుట్టుకుపోతాయి. ద్రావణం చల్లబడితే మాత్రం అవి పాత అలవాటు మరిచిపోవు. అక్కడక్కడా కొంత కొంత పొడవున మళ్ళీ మూడేసి మెలేసుకుంటాయి. ఆ మెలికలే ముడుల్లా పనిచేసి నీళ్ళని పట్టి ఉంచుతాయి. మనం చూసే జెల్ అదే.

ఇలా జెల్ అయ్యాక నీళ్ళు పోతే ఆ మెలికలు అలాగే నిలిచిపోయి, ఫిల్మ్‌కి బలాన్నీ సాగే గుణాన్నీ ఇస్తాయి. 60 డిగ్రీల్లో జెల్ అనేదే కట్టదు. గొలుసులు విడివిడిగా ఉండగానే నీళ్ళు ఆవిరైపోతాయి, చిందరవందరగా ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోతాయి. చూడ్డానికి రెండు ఫిల్ములూ అద్దంలా ఒకేలా ఉంటాయి. లోపలి సంగతి మాత్రం పూర్తిగా వేరు. ఇదేం కొత్త విషయం కాదు. 1952లోనే బ్రాడ్‌బరీ, మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు చల్లగా చేసిన ఫిల్ములనూ వేడిగా చేసిన ఫిల్ములనూ ఎక్స్-రేతో పోల్చి, చల్లని వాటిలోనే కొలాజెన్ పోలిక కనిపిస్తోందని రాశారు.

కాబట్టి రికార్డులో "వేడికి జెలటిన్ పాడైంది" అని రాయకండి. 60 డిగ్రీల దగ్గర కాసేపట్లో జెలటిన్ పాడవదు. మెలేసుకునే అవకాశం రాలేదు, అంతే.

అయితే 60లో ఆరబెట్టేసి, తర్వాత ఫ్రిజ్‌లో పెడితే మెలికలు పడతాయి కదా?

పడవు. మెలేసుకోవాలంటే గొలుసులు కదలాలి, కదలాలంటే నీళ్ళు కావాలి. ఆరిన ఫిల్మ్‌ని ఎంత చల్లబరిచినా లోపల కదలిక ఉండదు. మళ్ళీ నీళ్ళలో నానబెట్టి, వేడిచేసి కరిగించి, చల్లబరిచి మొదటినుంచీ చేసుకోవాల్సిందే.

సరిగ్గా ఎన్ని డిగ్రీలు దాటకూడదు?

పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన మామూలు జెలటిన్‌కి 25 డిగ్రీలకు దిగువన ఉంటే టెన్షన్ లేదు. 40 దాటితే అనుమానమే అక్కర్లేదు, అది వేడి ఫిల్మే. ఈ రెంటి మధ్యే తంటా అంతా. 30, 35 దగ్గర పెడితే మొదట్లో జెల్ కట్టదు. నీళ్ళు పోతున్నకొద్దీ ద్రావణం చిక్కబడి ఆలస్యంగా కట్టొచ్చు, ఈలోపే ఆరిపోనూవచ్చు. అందుకే ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టిన రెండు డిష్‌లు వేర్వేరు ఫలితాలిస్తాయి. ఆ మధ్య మండలంలో ప్రయోగం చేయాలంటే ఒక్కో ఉష్ణోగ్రతకీ ఎక్కువ నమూనాలు పెట్టుకోండి. రెండు మూడు డిష్‌లతో గీసిన గ్రాఫ్‌ని నేనైతే నమ్మను.

జెల్ ఎంత గట్టిదో చెప్పే బ్లూమ్ సంఖ్య కూడా చూడండి. 6.67 శాతం ద్రావణాన్ని 10 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు ఉంచి, అర అంగుళం కడ్డీ 4 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని గ్రాముల బరువు పట్టిందో అదే బ్లూమ్. బ్లూమ్ తక్కువగా ఉన్న జెలటిన్ నెమ్మదిగా, మెత్తగా గడ్డకడుతుంది. అలాంటిదానికి ఇంకా చల్లదనం, ఇంకాస్త టైమ్ ఇవ్వాలి. డబ్బా మీద బ్లూమ్ లేకపోతే అమ్మినవాళ్ళని అడిగి తెలుసుకోండి.

పేపర్లో "గది ఉష్ణోగ్రత వద్ద ఆరబెట్టాము" అని ఉంది. మేమూ గదిలోనే పెట్టాం. వాళ్ళకి వచ్చింది, మాకెందుకు రాలేదు?

వాళ్ళ గది వేరు, మన గది వేరు కాబట్టి. చల్లని దేశాల్లో గది అంటే 20, 22 డిగ్రీలు. నెల్లూరులో ఏప్రిల్ మధ్యాహ్నం, పై అంతస్తు ల్యాబ్‌లో, కరెంటు పోయిన వేళ గది ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? అక్కడ టేబుల్ మీద పెట్టిన డిష్‌లో జెల్ కట్టదు. మీకు తెలియకుండానే వేడి ఫిల్మ్ చేసేశారన్నమాట. ఇంట్లో చేపల పులుసు సంగతే చూడండి. తలకాయ, తోలు ఉన్న ముక్కలు వేసి వండిన పులుసు ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గడ్డకట్టి ఉంటుంది. అదే గిన్నె ఎండాకాలం గట్టుమీద ఉంచితే పులుసులాగే ఉంటుంది. అందులో గడ్డకట్టేదీ జెలటినే.

రికార్డులో "గది ఉష్ణోగ్రత" అన్న మాట కొట్టేసి, అంకె వేయండి. పక్కనే గాలిలో తేమ శాతం కూడా రాయండి. రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్ ప్రతి ల్యాబ్‌లో ఉండాల్సిన వస్తువు.

మే నెలలో 42 డిగ్రీల పడమటి గాలిలో పెట్టిన ఫిల్మ్ గట్టిగా వచ్చింది. 36 డిగ్రీలున్న రోజు పెట్టింది విరిగింది. మీరు చెప్పినదానికి ఇది తలకిందులు కదా?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. గాలి ఉష్ణోగ్రత వేరు, ఫిల్మ్ ఉష్ణోగ్రత వేరు. నీళ్ళున్నంతసేపూ ఫిల్మ్ ఆవిరవుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలాగా. అలా ఎంతవరకు చల్లబడగలదో ఆ హద్దుని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. అది గాలి వేడితో పాటు గాలిలోని తేమ మీద కూడా ఆధారపడుతుంది.

లెక్క వేసి చూడండి. 42 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే వెట్ బల్బ్ దాదాపు 26 డిగ్రీలు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక 36 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుంటే అది 29 దాటుతుంది. అంటే వడగాలిలో ఉన్న తడి ఫిల్మే ఎక్కువ చల్లగా ఉంది! దానికి జెల్ కట్టే వీలు దొరికింది, రెండోదానికి దొరకలేదు. కనిగిరి వైపు పొడిగాలిలో చేసినవాళ్ళకూ, కోట, వాకాడు లాంటి సముద్రపు ఒడ్డున చేసినవాళ్ళకూ థర్మామీటర్ ఒకే అంకె చూపినా ఫలితాలు వేరుగా రావడానికి ఇదొక కారణం.

అయితే దీన్ని పట్టుకుని ఎండలో ఆరబెట్టకండి. ఎండ నేరుగా తగిలినా, కింద ట్రే కాలుతున్నా, గాలి ఆడకపోయినా ఫిల్మ్ వెట్ బల్బ్ దాకా చల్లబడదు. పైగా నీళ్ళు అయిపోవస్తున్నకొద్దీ దాని వేడి గాలి వేడిని అందుకుంటుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌కీ, ఫ్యాన్ లేని ఓవెన్‌కీ ఒకే 40 డిగ్రీల దగ్గర తేడా వచ్చేదీ ఇందుకే. వీలైతే సన్నటి థర్మోకపుల్ వైరు (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ఒకటి ద్రావణంలో మునిగేలా పెట్టి, గంట గంటకీ నోట్ చేసుకోండి. ఓవెన్ డయల్ చెప్పేది ఓవెన్ సంగతి మాత్రమే.

డిసెంబరు వానల్లో చల్లగానే ఉంటుంది కదా, అప్పుడు బయట పెట్టొచ్చా?

చల్లదనానికి ఢోకా లేదు గానీ, ఆరదు. మనకి ముఖ్యమైన వానలు ఈశాన్య రుతుపవనాలవే. తుపాను పట్టిందంటే రోజుల తరబడి తేమ 90 శాతం దగ్గరే ఉంటుంది. గ్లిజరిన్ ఉన్న ఫిల్మ్ ఆ గాలిలో నీళ్ళు వదలకపోగా, వేలికి బంకలా అంటుకుంటూ కూర్చుంటుంది. రెండో రోజుకి వాసన, ఆ తర్వాత బూజు. జెలటిన్ అంటే సూక్ష్మజీవులకి విందు భోజనం. కొన్ని బ్యాక్టీరియా దాన్ని మళ్ళీ నీళ్ళుగా మార్చేస్తాయి కూడా. ఆ నెలల్లో తలుపులు మూసిన ఏసీ గదే దిక్కు.

ముందు చల్లగా పెట్టి, చివర్లో వేడి పెంచి త్వరగా ముగించొచ్చా?

పెంచొచ్చు. నన్నడిగితే అదే తెలివైన పద్ధతి. మెలికలు ఒకసారి పడ్డాక నీళ్ళు తగ్గేకొద్దీ అవి కరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. తడి జెల్ 35 డిగ్రీలకే కరిగిపోతుంది. బాగా ఆరిన ఫిల్మ్‌లోని మెలికలు 60 డిగ్రీలకీ చలించవు. ఫొటో ఫిల్ముల కాలంలో ఫ్యాక్టరీల్లో చేసిందీ ఇంచుమించు ఇదే. ఎమల్షన్ పూత పూయగానే చల్లబరిచి గడ్డకట్టించేవారు, ఆ తర్వాతే గాలి వేడి మెల్లగా పెంచుకుంటూ పోయేవారు.

మీరు చేయాల్సింది: 5 గ్రాముల జెలటిన్‌ని 100 మి.లీ. చల్లని నీళ్ళలో అరగంట ఉబ్బనివ్వండి. 50 నుంచి 60 డిగ్రీల నీళ్ళ తొట్టిలో పెట్టి, నురుగు రాకుండా కలుపుతూ కరిగించండి. జెలటిన్ బరువులో పావు వంతు గ్లిజరిన్ కలపండి. 9 సెంటీమీటర్ల డిష్‌లో 10 మి.లీ. పోస్తే ఆరాక 80, 90 మైక్రాన్ల ఫిల్మ్ వస్తుంది. డిష్ కింద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. ఒక పక్కకి వాలిందంటే ఫిల్మ్ ఒకవైపు మందం, ఒకవైపు పల్చన అవుతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఓ గంట ఉంచండి. వేలితో మెల్లగా తాకితే వణకాలి గానీ అంటుకోకూడదు. ఆ తర్వాత 20, 22 డిగ్రీల ఏసీ గదిలో మూత తీసి పెట్టండి. పైపైన ఆరి, అంచులు లేవడం మొదలయ్యాకే ఓవెన్ మాట ఎత్తండి.

ఎక్స్-రేతో లోపలి అమరిక చూసే ఎక్స్-రే డిఫ్రాక్షన్ యంత్రం మా కాలేజీలో లేదు. లోపల మెలికలు పడ్డాయో లేదో ఎలా తెలుస్తుంది?

గ్లాసెడు చల్లని నీళ్ళు చాలు. ఒకే సైజు ముక్కలు కత్తిరించి, 20 డిగ్రీల నీళ్ళలో వేసి చూడండి. మెలికలున్న ఫిల్మ్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ముక్క ముక్కలాగే ఉంటుంది. పట్టకారుతో పైకెత్తొచ్చు కూడా. వేడి ఫిల్మ్ అంచులు మసకబారి, జిగురుగా జారి కరిగిపోవడం మొదలుపెడుతుంది. బజారులో దొరికే చల్లనీళ్ళలో కరిగే జెలటిన్ పొడి చేసేదీ ఈ సూత్రంతోనే: గడ్డకట్టనివ్వకుండా వేడిగానే ఆరబెట్టేస్తారు. ఒక జాగ్రత్త. కుళాయి నీళ్ళు వాడకండి, ఎండాకాలం ట్యాంకు నీళ్ళు వేసిన ముక్కలన్నిటినీ కరిగించేస్తాయి.

డిఫ్రాక్షన్ చేయించుకునే వీలుంటే, రాగి గొట్టం ఉన్న యంత్రంలో 2 థీటా (ఎక్స్-రే పక్కకి మళ్ళే కోణం) 7, 8 డిగ్రీల దగ్గర ఒక చిన్న శిఖరం కోసం చూడండి. మెలికల మందానికి గుర్తు అదే, దాదాపు 1.1 నానోమీటర్లు. 20 డిగ్రీల చుట్టూ కనిపించే వెడల్పాటి గుట్ట రెండు రకాల్లోనూ ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు.

మా టెన్సైల్ టెస్టులో (ఫిల్మ్‌ని తెగేదాకా లాగి చూసే పరీక్షలో) 50 డిగ్రీల ఫిల్మే ఎక్కువ బలం చూపించింది. రీడింగులు తప్పా?

రీడింగులు నిజమే కావచ్చు, పోలిక తప్పు అయుంటుంది. జెలటిన్‌కి నీళ్ళే అన్నిటికన్నా పెద్ద ప్లాస్టిసైజర్, అంటే మెత్తబరిచే పదార్థం. ఓవెన్‌లోంచి తీసి వెంటనే లాగిన ఫిల్మ్‌లో తేమ తక్కువ, అందుకే బిర్రుగా ఉండి ఎక్కువ బలం చూపుతుంది. గదిలో ఆరిన ఫిల్మ్ తేమ పీల్చి మెత్తబడి ఉంటుంది. మీరు కొలిచింది మెలికల తేడా కాదు, తేమ తేడా.

అన్ని ముక్కల్నీ ఒకే తేమలో రెండు రోజులు ఉంచాక పరీక్షించండి. డెసికేటర్ (గాలి చొరకుండా మూసే గాజు పాత్ర) అడుగున తేమ పీల్చే సిలికా జెల్ తీసేసి, మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పోస్తే లోపల తేమ 25 డిగ్రీల దగ్గర 53 శాతంలో నిలబడుతుంది. ద్రావణం అడుగున కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి. మందం అయిదు చోట్ల స్క్రూగేజ్‌తో కొలవండి. పల్చని ఫిల్ములకి వాడే ప్రమాణం ఏఎస్‌టీఎం డీ 882. బలం అంకె ఒక్కటే రాసి ఊరుకోకుండా, తెగేముందు ఎంత శాతం సాగిందో కూడా రాయండి. వేడి ఫిల్మ్ బండారం బయటపడేది అక్కడే. బలం దగ్గరదగ్గరగా వచ్చినా, సాగకుండా విరుగుతుంది.

రొయ్యల ఫ్యాక్టరీల్లో వచ్చే పొట్టు నుంచి జెలటిన్ తీయొచ్చా?

రాదు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, మన జిల్లాలో రొయ్యకున్న పలుకుబడి అలాంటిది! రొయ్య పొట్టులో ఉండేది కైటిన్. దాన్నుంచి కైటోసాన్ వస్తుంది. అదీ ఫిల్మ్ అవుతుంది గానీ, ఈ మెలికల కథ దానికి వర్తించదు.

జెలటిన్ కావాలంటే చేపల తోలు, పొలుసు తీసుకోండి. శీలావతి, బొచ్చె లాంటి మన చెరువు చేపల జెలటిన్ ఓ మోస్తరుగా పనికొస్తుంది. అయితే అందులో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు పశువుల జెలటిన్‌లోకన్నా తక్కువ. మెలికని నిలబెట్టేవి అవే. అందుకని అది గడ్డకట్టడానికి 20 డిగ్రీలు, అంతకన్నా తక్కువ కావాల్సి రావచ్చు. కాడ్ లాంటి చలి సముద్రపు చేపలదైతే 10 డిగ్రీల లోపు గానీ గడ్డకట్టదు. పశువుల జెలటిన్‌కి 25 డిగ్రీలు చల్లదనం, కాడ్ జెలటిన్‌కి అదే వేడి. పేపర్ చదివేటప్పుడు ముందు ఏ జంతువుదో చూసి, ఆ తర్వాత ఉష్ణోగ్రత చూడండి.

ద్రావణాన్ని మరిగిస్తే త్వరగా కరుగుతుంది కదా?

కరుగుతుంది. దాంతోపాటు గొలుసులూ తెగుతాయి. పొట్టి గొలుసులతో మంచి మెలికలు పడవు. పులుపు కలిపిన ద్రావణమైతే ఇంకా త్వరగా తెగుతాయి. 60 డిగ్రీల తొట్టిలోనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేసినా బలం తగ్గుతుంది. ఇలా పోయిన బలానికి ఆరబెట్టడాన్ని నిందించేవాళ్ళే ఎక్కువ.

వేడి ఎప్పుడైనా బలం పెంచుతుందా?

బాగా ఆరిన ఫిల్మ్‌ని వాక్యూమ్‌లో 100 డిగ్రీలు దాటించి గంటల తరబడి ఉంచితే గొలుసుల మధ్య రసాయన బంధాలే ఏర్పడతాయి. అప్పుడది వేడినీళ్ళలోనూ సరిగ్గా కరగదు. అది క్రాస్‌లింకింగ్, ఆరబెట్టడం కాదు. రెండూ ఒకే పట్టికలో కలపకండి.

గాజు డిష్‌లో ఫిల్మ్ అతుక్కుపోయి రావడం లేదు.

గాజు వద్దు. గ్లిజరిన్ లేని మందపాటి జెలటిన్ ఆరుతూ కుంచించుకుపోయే బలానికి గాజు పెచ్చులే ఊడి వస్తాయి. అలంకరణ అద్దాల మీద మంచుపూల లాంటి గీతలు తెప్పించడానికి ఈ గుణాన్నే వాడతారు. టెఫ్లాన్ ప్లేటు గానీ, ప్లాస్టిక్ డిష్ గానీ తీసుకోండి.

మందుల క్యాప్సూల్స్‌కీ ఇదే లెక్కా?

అదే. స్టీలు పుల్లల్ని వెచ్చని జెలటిన్‌లో ముంచి తీయగానే అది చల్లబడి గడ్డకడుతుంది. ఆ తర్వాత ఎక్కువ వేడి లేని పొడిగాలిలో ఆరబెడతారు. గట్టి క్యాప్సూల్ పెంకులో 13 నుంచి 16 శాతం దాకా నీళ్ళుంటాయి. బాగా తగ్గితే పెళుసవుతుంది, పెరిగితే మెత్తబడి అంటుకుంటుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో మరిచిపోయిన క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కుపోవడం మీరూ చూసే ఉంటారు.

జెలటిన్ బదులు అగర్‌గానీ, హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే పదార్థం) గానీ వాడితే?

అగర్ 35, 40 డిగ్రీల మధ్యే గడ్డకట్టి, 85 దాకా కరగదు కాబట్టి ఈ బాధలు చాలావరకు ఉండవు. హెచ్‌పీఎంసీ సంగతి తలకిందులు, అది వేడిచేస్తే గడ్డకడుతుంది. ఈ పేజీలోని అంకెలేవీ వాటికి పనికిరావు.

మాకు ఏసీ గది లేదు. ప్రాజెక్టు ఏప్రిల్‌లోనే ఇవ్వాలి. ఏం చేయాలి?

చేపలు, రొయ్యలు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టె ఒకటి సంపాదించండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే సుమా, లేకపోతే ఫిల్మ్‌కి నీచు వాసన పడుతుంది. నీళ్ళు పోసి గడ్డకట్టించిన బాటిళ్ళు రెండు ఒక మూలన ట్రేలో నిలబెట్టండి. బాటిల్ మీద పట్టే చెమ్మ కూడా పెట్టెలోని గాలిలోంచి వచ్చిందే, అది ట్రేలోకి కారిపోవాలి గానీ డిష్‌ల వైపు రాకూడదు. ఇంకో మూలన వెడల్పాటి పళ్ళెంలో సిలికా జెల్ పరవండి. పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి అడాప్టర్‌తో నెమ్మదిగా తిరిగేలా పెడితే గాలి కదులుతుంది.

సిలికా జెల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. 10 మి.లీ. పోసిన ఒక్కో డిష్‌లోంచి 9 గ్రాములకు పైగా నీళ్ళు బయటికి రావాలి. దానికి అయిదు రెట్ల బరువు, అంటే డిష్‌కి 50 గ్రాముల సిలికా జెల్ లెక్కన వేసుకోండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాయంటే నిండిపోయాయని అర్థం. 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి నీలం తెప్పించి, పూర్తిగా చల్లారాకే మళ్ళీ లోపల పెట్టండి. ఫిల్ములు గడ్డకట్టే మెట్టు మాత్రం ఫ్రిజ్‌లోనే కానిచ్చి, ఆ తర్వాతే పెట్టెలోకి మార్చండి. మీటర్ లోపలే ఉంచి, మూత తీయకుండా అంకె కనబడేలా పక్కన ఒక చిన్న కిటికీ కోసి, పారదర్శకమైన షీటు అతికించుకోండి. 22 దాటుతున్నట్టు కనిపిస్తే బాటిళ్ళు మార్చాలి. ఏప్రిల్‌లో రాత్రిపూట మొదలుపెడితే బాటిళ్ళు ఎక్కువసేపు వస్తాయి.